ఎనిమిదో తరగతిలో వినబడింది

ఆరో తరగతిలో చేరిన మూడో నెలలో బళ్ళో నాకు కొత్త పేరొకటి పడింది. మాడిన మాట. అది నేను చేతులారా తెచ్చుకున్న పేరే. తెలుగు డిక్టేషన్‌లో సార్ "బండివాడు పాట పాడాడు" అని చెబితే, నేను గుండ్రటి అక్షరాలతో ఎంతో శ్రద్ధగా "మండివాడు మాట మాడాడు" అని రాశాను. సార్ నా నోటుబుక్కు పైకెత్తి తరగతికంతా చదివి వినిపించారు. అందరూ నవ్వారు. ఎందుకు నవ్వుతున్నారో తెలియక నేనూ నవ్వాను. అది చూసి సార్‌కు ఇంకా కోపం వచ్చింది. ఆ పీరియడంతా నిలబడే ఉన్నాను.

మా బడి మాదన్నపేట కూరగాయల మార్కెట్ వెనక రెండు సందులు దాటితే వస్తుంది. ప్రభుత్వ బడి. ఆరు, ఏడు, ఎనిమిది, అంతవరకే. కింద ఉర్దూ మీడియం పిల్లలు, పై అంతస్తులో మేము. మా సెక్షన్‌లో ఇంగ్లీషు మీడియం కొత్తగా మొదలుపెట్టారు కాబట్టి తెలుగు ఇళ్ళ పిల్లలూ ఉర్దూ ఇళ్ళ పిల్లలూ ఒకే గదిలో కూర్చునేవాళ్ళం. కిటికీ అవతల గ్రిల్లులు చేసే వెల్డింగ్ షాపు. నెత్తిమీద రెక్క వంగిన ఫ్యాను, తిరిగినంతసేపూ కటకటమంటూనే ఉండేది. ఆ చప్పుళ్ళ మధ్య దాదాపు యాభై మందిమి.

అంతకుముందు ఐదో తరగతి దాకా నేను చదివింది మా సందులో ఉన్న చిన్న బడి. పదిహేను మందిమి చాపల మీద కూర్చుంటే టీచర్ మా మధ్యలోనే స్టూలు వేసుకుని పాఠం చెప్పేది. అక్కడ నేను బాగా చదివే పిల్లను. ఇక్కడికి వచ్చాక నాకేమైందో నాకే అర్థం కాలేదు. కొందరి మాటలు స్పష్టంగా ఉంటాయనీ కొందరివి ఉండవనీ అనుకునేదాన్ని. అందరికీ అంతే కాబోలనుకున్నాను. అందరూ ఎలాగో కష్టపడి అర్థం చేసుకుంటున్నారు, నాకే ఆ తెలివి లేదు అనుకున్నాను.

లెక్కలూ తెలుగూ రెండూ ఆ డిక్టేషన్ సారే చెప్పేవారు. ఆయన బోర్డు మీద రాస్తే అచ్చువేసినట్టుండేది. రాస్తూ రాస్తూనే చెప్పడం ఆయన అలవాటు. ముఖం బోర్డు వైపు, వీపు మావైపు. ఆ వీపు నుంచి నాకొక సన్నటి గొణుగుడు మాత్రం వచ్చేది. ఆయన ఇటు తిరిగినప్పుడు ఒక్క ముక్క కూడా పోనివ్వకూడదని కళ్ళార్పకుండా ఆయన నోటివైపే చూసేదాన్ని. ఆ పెదవుల మీద ప, బ, మ మూడూ ఒకేలా కనబడేవి.

ఒకరోజు ఆయన చాక్‌పీసు బల్లమీద పెట్టి నన్ను లేపారు.

"ఏంది, ఎప్పుడు చూసినా గట్ల గుడ్లప్పగించి చూస్తవ్? నా మొహంల ఏముంది?"

"ఏం లేదు సార్."

"లేకుంటె పుస్తకంల చూడు."

పుస్తకంలో చూస్తే ఆయన చెప్పేది నాకు అసలే అందదు. అయినా తల ఊపి కూర్చున్నాను. ఆయన పిలిచినప్పుడు పలకకపోవడం, పలికినప్పుడు అడిగింది ఒకటైతే చెప్పింది ఇంకొకటి కావడం, ఇవన్నీ కలిసి ఆయన దృష్టిలో నేను పొగరుబోతు పిల్లనైపోయాను. ప్రోగ్రెస్ కార్డులో "శ్రద్ధ లేదు" అని రాశారు. అమ్మ అది పట్టుకుని అడిగింది.

"సారు చెప్తుంటె ఎటు చూస్తున్నవ్ బిడ్డా?"

"సార్‌నే చూస్తున్ననమ్మా."

నేను చెప్పింది నిజం. అమ్మ నమ్మలేదు.

ఇంట్లో ఎవరికీ ఎందుకు తెలియలేదని ఇప్పుడు చాలామంది అడుగుతారు. మా ఇల్లు అలాంటిది. బాపు బీరువాలు చేసే కార్ఖానాలో పనిచేసేవాడు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఇనుపరేకు మీద సుత్తి దెబ్బలు. ఆయన ఇంటికొచ్చాక మంచినీళ్ళు అడిగినా సందు చివరిదాకా వినబడేది. మేమూ ఆయనకు వినబడేలా అరిచే మాట్లాడేవాళ్ళం. అమ్మ జాకెట్లు కుట్టే మిషను ఒకపక్క, టీవీ ఒకపక్క. ఆ అరుపుల్లో నాకు అన్నీ వినబడేవి. మా ఇంట్లో నేను మామూలు పిల్లను.

బళ్ళో నన్ను నిలబెట్టింది నా బెంచీలో నా కుడిపక్కన కూర్చునే అమ్మాయి. వాళ్ళింట్లో ఉర్దూ మాట్లాడేవాళ్ళు. తెలుగు మాట్లాడటం వచ్చు గాని అక్షరాలు సరిగ్గా రావు. ఆమెకు గుణింతాలూ ఒత్తులూ నేను దిద్దించేదాన్ని. చదవడానికి చెవులతో పని లేదు కాబట్టి ఆ పని నాకు బాగా వచ్చేది. ఆమె నాకు ఏం చేసేదో అప్పట్లో నేను గమనించనే లేదు. సార్ పేజీ నంబరు చెబితే నా పుస్తకం తనే తెరిచి వేలు పెట్టేది. నన్ను పిలిస్తే మోకాలితో తట్టేది. నోట్సు చెబుతుంటే తన నోటుబుక్కు నావైపు జరిపి, నేను చూసి రాసుకునేలా చేయి పక్కకు పెట్టుకునేది. ఏదైనా చెప్పాలంటే నా భుజం పట్టి తనవైపు తిప్పుకుని అప్పుడు చెప్పేది. అది ఆమె పద్ధతి అనుకున్నాను. రెండేళ్ళు అలా గడిచాయి. ఆరు పాసయ్యాను, ఏడు పాసయ్యాను. మొదటి పదిమందిలో ఎప్పుడూ లేను.

ఎనిమిదో తరగతిలో సైన్సుకు కొత్త టీచర్ వచ్చింది. కంచన్‌బాగ్ వైపు నుంచి సిటీ బస్సులో వచ్చేది. భుజాన పెద్ద సంచీ, అందులో ఎప్పుడూ ఏవో వస్తువులు. మా బళ్ళో లాబ్ అంటే తాళం వేసిన ఒక బీరువా. ఆ తాళం తీయించిన మొదటి మనిషి ఆమే. అందులోంచి బూజు పట్టిన భూతద్దాలూ, అయస్కాంతాలూ, రెండు పళ్ళ చెంచాలాంటి ఒక ఇనుప కడ్డీ బయటికి తీసింది. దాన్ని శ్రుతిదండం అంటారని, దాంతో ధ్వని పాఠం చెబుతానని అంది.

పాఠం చెప్పిన రోజు వెల్డింగ్ షాపువాళ్ళను కాసేపు పని ఆపమని కిటికీలోంచి తనే అడిగింది. ఫ్యాను ఆపించింది. ఆ కడ్డీని రబ్బరు చెప్పు మడమ మీద కొట్టి ఒక్కొక్కరి చెవి దగ్గర పెడుతూ వచ్చింది. చప్పుడు ఆగిపోయినప్పుడు చెయ్యెత్తాలి. ఎవరికి ఎంతసేపు వినబడిందో మిగతావాళ్ళు వేళ్ళమీద లెక్కపెట్టాలి. అందరికీ ఆట దొరికినట్టయింది. నా బెంచీ అమ్మాయి చాలాసేపు చెయ్యెత్తలేదు. తరవాత నా వంతు. ముందు ఎడమ చెవి దగ్గర పెట్టింది. నేను వెంటనే చెయ్యెత్తాను.

"ఆగిపోయిందా?"

"అసలు మొదలు కాలేదు టీచర్."

పిల్లలు నవ్వారు. ఎవరో వెనక నుంచి "మాడిన మాట" అన్నారు. ఆ మాట కూడా నాకు వినబడలేదు, తరవాత నా బెంచీ అమ్మాయి చెప్పింది. టీచర్ నవ్వలేదు. ఇంకోసారి గట్టిగా కొట్టి కుడి చెవి దగ్గర పెట్టింది. సన్నగా వినబడి ఆగిపోయింది. చెయ్యెత్తాను. ఆమె ఒక్క క్షణం నన్ను చూసి, ఈసారి ఆ కడ్డీ కాడను నా ఎడమ చెవి వెనక ఉన్న ఎముకకు ఆనించింది.

నా తలలో గంట మోగినట్టయింది. నేను ఉలిక్కిపడి వెనక్కి జరిగాను. అది చప్పుడని తెలుసు, కానీ అంత దగ్గర నుంచి, అంత స్పష్టంగా నేను ఎప్పుడూ ఏదీ వినలేదు.

"వినబడుతుందా?"

"మస్తు వినబడుతుంది టీచర్."

ఆమె పక్క బెంచీకి వెళ్ళి పాఠం పూర్తిచేసింది. గంట కొట్టాక మాత్రం నన్ను ఆగమంది. నా వెనక నిలబడి ఏవో మాటలు చెప్పింది. నేను వెనక్కి తిరిగి "ఏంది టీచర్?" అన్నాను. మళ్ళీ నన్ను అటు తిప్పి, మళ్ళీ చెప్పింది. నాకు అందలేదు. అప్పుడామె నా ముందుకు వచ్చి కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నీకు చిన్నప్పుడు చెవిల చీము కారేదా?"

"ఇప్పుడు గూడ అప్పుడప్పుడు కారుతది టీచర్. అమ్మ ఎల్లిగడ్డ కాచిన నూనె పోస్తది."

"నీకు వినబడటం తక్కువ ఉంది. నీకు తెలుసా?"

తెలియదన్నాను. నిజంగానే తెలియదు. తన అమ్మకు ఇలాగే చెవి బాగాలేకపోతే డాక్టరు ఇలాంటి కడ్డీతోనే పరీక్ష చేశాడని, ఎముక మీద పెడితే వినబడిందంటే బాగయ్యే దారి ఉండొచ్చని చెప్పింది. రేపు నాన్నను తీసుకురమ్మంది.

ఆ సాయంత్రం బెంచీ అమ్మాయితో కలిసి నడుస్తూ ఇంటికి వస్తున్నాను. గాజుల కొట్టు దగ్గర ఆగి ఆమెను నావైపు తిప్పుకున్నాను. ఆ పని ఎప్పుడూ ఆమె చేసేది.

"నాకు సరిగ్గ వినబడదంట. నీకు తెలుసా?"

"మాలూమ్. ఆరో తరగతిల్నే మాలూమ్."

"మరి చెప్పలేదేంది?"

ఆమె ఆశ్చర్యంగా చూసింది. "నీకు తెల్వదని నాకేం తెలుసు? నీ చెవులు కదా. చెప్తె నీకు బురా అనిపిస్తదని ఊకున్న. మా ముసలి దాదీకి గూడ గిట్లనే. ఆమెతోటి మాట్లాడాలంటె మొహం చూపెట్టాలె."

నాకు ఏడుపొచ్చింది. ఎందుకో తెలియదు. ఆమె కంగారుపడి "చూసినవా, అందుకే చెప్పలే" అంది. రెండేళ్ళు ఒక పిల్ల నా కోసం విన్నది. అది తను చేస్తున్న సాయమని కూడా అనుకోలేదు. ఆ రోజు నుంచి ఇవాళ్టిదాకా మనుషుల మీద నాకున్న నమ్మకంలో సగం ఆమె ఇచ్చిందే.

మర్నాడు బాపు కార్ఖానా బట్టలతోనే వచ్చాడు. స్టాఫ్‌రూం గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడ్డాడు. టీచర్ మెల్లగా ఏదో అంది.

"ఏంది మేడమ్?" అన్నాడు బాపు. కింద ఉర్దూ మీడియం తరగతిలో పాఠం ఆగిపోయింది.

టీచర్ ఇంకొంచెం గట్టిగా చెప్పింది. బాపు ఇంకా గట్టిగా అడిగాడు. ఆమె మొహంలో సంగతంతా తెలిసినట్టు ఒక చిన్న నవ్వు వచ్చింది.

"ఇంట్ల అందరు గింత గట్టిగనే మాట్లాడుతరా అన్నా?"

"కార్ఖానల రేకు కొట్టే పని మేడమ్. గట్లనే అలవాటైంది."

"అందుకే మీకు తెల్వలేదు. మీ ఇంట్ల ఆమెకు వినబడుతుంది. ఇక్కడ వినబడతలేదు."

సంగతి అర్థమయ్యేసరికి బాపు మొహం చిన్నబోయింది. ప్రోగ్రెస్ కార్డు వచ్చినప్పుడల్లా నన్ను తిట్టినవి గుర్తొచ్చాయేమో. నా తలమీద చెయ్యి పెట్టాడు. "ఫికర్ చెయ్యకుర్రి, డాక్టర్‌కు చూపిద్దాం" అంది టీచర్. చూపిద్దాం అంటే నిజంగానే మాతో వచ్చింది. ఒక పూట సెలవు పెట్టి, ఆసుపత్రి వరుసలో బాపుతోపాటు నిలబడి, డాక్టరు ఇంగ్లీషులో చెప్పిందంతా మాకు విడమరిచి చెప్పింది. రెండు చెవుల్లోనూ కర్ణభేరికి చిల్లు పడిందట. ఎడమ చెవిది పెద్దది. ముందు చీము ఆరాలి, చుక్కల మందు వేయాలి, నీళ్ళు పోనివ్వకూడదు. పూర్తిగా ఆరాక ఆపరేషన్‌తో పొర అతికిస్తారు. నూనె మాత్రం చుక్క కూడా పోయొద్దన్నాడు డాక్టరు. అమ్మ ఆ రాత్రి వెల్లుల్లి నూనె సీసా తీసి పక్కన పడేసింది. ఎన్నో రోజులు తనవల్లే ఇలా అయిందని బాధపడింది. అందరిళ్ళలోనూ పోస్తారని, ఆమె తప్పు కాదని డాక్టరు చెప్పిన మాటను నేనే పదేపదే గుర్తుచేయాల్సి వచ్చేది.

బాపుకూ పరీక్ష చేశారు. ఆయనది కార్ఖానా చప్పుడువల్ల పోయిన వినికిడి, అది మళ్ళీ రాదన్నారు. చెవికి వినికిడి మిషను పెట్టుకోమన్నారు. కొన్నాళ్ళు సిగ్గుపడి, తరవాత పెట్టుకున్నాడు. దానితో మా ఇంట్లో అరుపులు తగ్గాయి. ఇంతకాలం మేం పోట్లాడుకుంటున్నామని అనుకునేదాన్నని పక్కింటి ఆమె అమ్మతో అంది.

బళ్ళో టీచర్ నా సంగతి అందరికీ చెప్పినట్టుంది. ఆసుపత్రికి వెళ్ళొచ్చిన మర్నాడు లెక్కల పీరియడ్‌లో సార్ వచ్చి, హాజరు తీసుకుని, బోర్డు వైపు తిరిగి ఒక లైను రాశారు. రాస్తూ చెప్పడం మొదలుపెట్టి మధ్యలో ఆగిపోయారు. చాక్‌పీసు చేతిలో పట్టుకుని మావైపు తిరిగారు. అప్పుడు చెప్పారు. మళ్ళీ తిరిగి రాశారు. మళ్ళీ మావైపు తిరిగి చెప్పారు. ఎన్నో ఏళ్ళ అలవాటు కదా, ఆ రోజు ఆయనకు చాలా కష్టమైంది. రెండుమూడు సార్లు మర్చిపోయి బోర్డుతో మాట్లాడారు, నాలుక కరుచుకుని ఇటు తిరిగారు. నన్ను ముందు బెంచీలో ఎడమ చివరకు మార్చారు, కుడి చెవి తరగతి వైపు ఉండేలా. నా బెంచీ అమ్మాయిని కూడా నాతోపాటే మార్చమని ఎవరూ అడగలేదు. ఆయనే మార్చారు.

వారం తరవాత మధ్యాహ్నభోజనం వరుసలో పళ్ళెం పట్టుకుని నిలబడి ఉంటే సార్ నా పక్కకు వచ్చారు. ఆ రోజు గుడ్డు పెట్టే రోజు, వరుస పెద్దగా ఉంది. ఆయన వంగి, నా మొహంలోకి చూస్తూ మాట్లాడారు.

"రెండేండ్లు నేను బోర్డుకే పాఠం చెప్పినట్టున్న బిడ్డా."

"పర్వాలేదు సార్" అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపి, "పర్వా ఉంది" అని వెళ్ళిపోయారు. పెద్దవాళ్ళు పిల్లల ముందు తమ తప్పు అలా ఒప్పుకోవడం నేను అంతకుముందు చూడలేదు. తరవాత కూడా ఎక్కువ చూడలేదు. విచిత్రమేమిటంటే ఆయన మావైపు తిరిగి చెప్పడం మొదలుపెట్టాక వెనక బెంచీల పిల్లలకు కూడా లెక్కలు రావడం మొదలైంది. వాళ్ళ చెవులు బాగానే ఉన్నాయి.

నేను ఒక్కసారిగా తరగతి ఫస్టు రాలేదు. ఆరు, ఏడు తరగతుల్లో జారిపోయినవి చాలా ఉన్నాయి. సైన్సు టీచర్ సాయంత్రం గంట అయ్యాక అరగంట కూర్చోబెట్టి ఇంగ్లీషు మాటలు పలికించేది. చాలా మాటలు నేను తప్పుగా విని తప్పుగానే నేర్చుకున్నాను. "నోటితో పలికేది రాయకు, పుస్తకంల చూసింది రాయి" అనేది. మాడిన మాట అనే పేరు మాత్రం పోలేదు. కాకపోతే పిలిచేవాళ్ళు ఇప్పుడు నా ముందుకు వచ్చి, మొహం చూపించి మరీ పిలిచేవాళ్ళు. దాంతో నాకూ నవ్వొచ్చేది.

ఎనిమిదో తరగతి పరీక్షలయ్యాక ఎండాకాలం సెలవుల్లో ఎడమ చెవికి ఆపరేషన్ చేశారు. కట్టు విప్పాక కొన్ని వారాలకు గాని తేడా తెలియలేదు. ఒక మధ్యాహ్నం పడుకుని ఉంటే, కుట్టుమిషను చప్పుడు మధ్యలోంచి ఏదో సన్నటి రాగం వినబడింది. టీవీ ఆపేసి ఉంది. లేచి చూస్తే అమ్మ. కుట్టుకుంటూ లోలోపలే పాడుకుంటోంది. మా అమ్మ కూనిరాగం తీస్తుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఆమెకు చెబితే ఆపేస్తుందని చెప్పకుండా మళ్ళీ పడుకున్నాను.

తొమ్మిదికి వేరే హైస్కూల్లో చేరాలి. బెంచీ అమ్మాయిని వాళ్ళవాళ్ళు ఇంకో బళ్ళో వేశారు. ఇప్పటికీ కలుస్తూనే ఉంటాం, ఫోన్‌లో మాట్లాడితే ఇద్దరం గట్టిగానే మాట్లాడతాం. టీసీ తీసుకోవడానికి వెళ్ళిన రోజు లెక్కల సార్ ఒక మడిచిన కాగితం ఇచ్చి కొత్త బడి హెడ్‌మాస్టర్‌కు ఇవ్వమన్నారు. దారిలో తెరిచి చూడాలని ఉన్నా తెరవలేదు.

కొత్త హెడ్‌మాస్టర్ దాన్ని చదివి, నన్ను చూసి, మళ్ళీ ఒకసారి చదివారు. తరవాత కాగితం నాకే తిరిగిచ్చి "దాచుకో" అన్నారు. అచ్చువేసినట్టున్న ఆ చేతిరాతలో ఇలా ఉంది: "ఈ విద్యార్థినికి శ్రద్ధ చాలా ఎక్కువ. వినికిడి కొంత తక్కువ. ముందు బెంచీలో ఎడమ చివర కూర్చోబెట్టి, దయచేసి ఆమె వైపు తిరిగి పాఠం చెప్పగలరు."

హెడ్‌మాస్టర్ నన్ను తనే తొమ్మిదో తరగతి గదికి తీసుకెళ్ళారు. ముందు బెంచీలో ఎడమ చివర కూర్చున్న అమ్మాయిని కొంచెం జరగమన్నారు. ఆమె జరిగింది. నేను సంచీ కింద పెట్టి కూర్చున్నాను.